బ్రౌజర్ ఎవరి ఏజెంటు?

అందరికీ నమస్కారమండి. లైబ్రరీ వాళ్ళు ఇంటర్నెట్ గురించి ఓ అరగంట మాట్లాడమన్నారు, ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తుంటే మా బాబాయి అడిగిన ఓ ప్రశ్న గుర్తొచ్చింది. పోయిన శీతాకాలం ఆయన చెరువులో రొయ్యకి వైట్‌స్పాట్ కనపడింది, రాత్రి రెండింటికి గట్టు మీద కూర్చుని ఫోన్లో ఆ జబ్బు గురించి వెతికాడంట. తెల్లారాక క్రికెట్ స్కోరు చూద్దామని ఓ సైట్ తెరిస్తే అక్కడ చెరువు మందుల యాడ్, వార్తలు తెరిస్తే గోల్డ్ లోన్ యాడ్. నాకు ఫోన్ చేసి "ఒరే, ఇంకా మీ పిన్నికే చెప్పలేదురా, వీళ్ళకెలా తెలిసింది?" అన్నాడు. ఆ గొంతులో భయం ఉందండి, నాకిప్పటికీ వినపడుతుంది.

నేను పన్నెండేళ్ళబట్టి వెబ్‌సైట్లు తయారుచేసే పనిలోనే ఉన్నాను, కాబట్టి ఎలా తెలిసిందో చెప్పగలను, దాన్ని ఆపాల్సింది ఎవరో కూడా చెప్పగలను. ఆపాల్సింది బ్రౌజర్, అంటే మనం సైట్లు తెరిచే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి యాప్. మా బాబాయి కాదు.

వాళ్ళకి తెలిసేది ఎక్కువగా కుకీల వల్ల, అందుకని ముందు కుకీ అంటే ఏంటో చూద్దాం. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మోంటుల్లి అనే ఇంజినీర్ దీన్ని కనిపెట్టాడు. అప్పట్లో సైట్లకి మనిషిని గుర్తుపెట్టుకునే దారి లేదు, బుట్టలో సరుకు వేసుకుని పక్క పేజీకి వెళ్తే నువ్వెవరో దానికి మళ్ళీ తెలీదు. అందుకని సైట్ మన చేతికో చీటీ ఇస్తుంది, ఆసుపత్రిలో ఓపీ చీటీ లాగ, మళ్ళీ వెళ్ళినప్పుడు బ్రౌజర్ ఆ చీటీ చూపిస్తుంది, వాళ్ళు మనల్ని గుర్తుపడతారు. ఇందులో తప్పేం లేదు, ఇది లేకపోతే లాగిన్ అనేదే సరిగ్గా నడవదు.

తేడా ఎక్కడొచ్చిందంటే, మనం తెరిచిన పేజీ ఒక్కరిదే అనుకుంటాం గానీ దాంట్లో యాడ్లు ఒకరివి, వీడియో ఇంకొకరిది, ఎవరెవరు వచ్చారో లెక్కలు రాసే కోడు మరొకరిది, కొన్నైతే కంటికే ఆనవు, ఒక పిక్సెల్ సైజులో, అంటే తెర మీద ఒక్క చుక్కంత, ఓ బొమ్మ ఉంటుంది, అది లోడైందంటే మనం వచ్చామని వాళ్ళకి కబురు వెళ్ళినట్టే. పాలకొల్లులో మందుల షాపు, ఎరువుల కొట్టు, బట్టల కొట్టు, అన్నిట్లోనూ ఒకే ముక్కూమొహం తెలియని మనిషి మూల కుర్చీలో కూర్చుని మనం వెళ్ళిన ప్రతిచోటా తనిచ్చిన చీటీ చూసుకుని "ఈయన ఇందాక మందుల షాపులో ఉన్నాడు, ఇప్పుడు ఎరువుల కొట్లో ఉన్నాడు" అని రాసుకుంటున్నాడనుకోండి, ఆ చీటీనే థర్డ్ పార్టీ కుకీ అంటారు. మరి ప్రతి కొట్లోనూ ఆ చీటీ జేబులోంచి తీసి చూపిస్తున్నదెవరు? మన బ్రౌజరే కదండీ.

వెబ్ ఎలా నడవాలో రాసిన స్టాండర్డ్స్ ఉంటాయి, వాటిల్లో బ్రౌజర్‌ని యూజర్ ఏజెంట్ అంటారు, అంటే వాడేవాడి ఏజెంటు. ఏజెంట్ అంటే ఏంటో మన గోదావరి జిల్లాల్లో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. రొయ్యల పట్టుబడికి ముందు కొనే కంపెనీకీ మనకీ మధ్య నిలబడేది ఆయనే. "ఈయన చెరువుకి జబ్బు తగిలింది, రేపే పట్టెయ్యాలి, ఇంక ఆగలేడు" అని ఆయనే కొనేవాడి చెవిలో వేశాడనుకోండి, రేటు కాటా దాకా కూడా రాకుండానే పడిపోద్ది. మా బాబాయి విషయంలో జరిగింది అదే. అర్ధరాత్రి ఆయన పడ్డ కంగారు, తెల్లారేసరికి అప్పులిచ్చేవాళ్ళకి సమాచారం అయిపోయింది.

అలా చెప్పకుండా ఉండటం బ్రౌజర్‌కి చేతకాని పనేం కాదు. 2017లో యాపిల్ వాళ్ళు తమ బ్రౌజర్ సఫారీలో ట్రాకింగ్‌కి, అంటే ఇలా సైట్ సైట్‌కీ మన వెంటపడటానికి, అడ్డుకట్ట మొదలుపెట్టి 2020 మార్చికల్లా థర్డ్ పార్టీ కుకీలన్నిట్నీ ఆపేశారు. ఫైర్‌ఫాక్స్ 2019 సెప్టెంబర్ నుంచి పేరున్న ట్రాకర్ల లిస్టు పెట్టుకుని వాళ్ళ కుకీలని అందరికీ డిఫాల్ట్‌గా, అంటే మనం ఏమీ నొక్కకుండానే, ఆపింది, కానీ లిస్టు అంటే రోజూ కొత్తవాడు పుట్టుకొస్తూనే ఉంటాడు కదా. అందుకని 2022 జూన్లో ఇంకో పని చేసింది, నాకు దీనంత నచ్చింది ఇంకోటి లేదు, దానికి టోటల్ కుకీ ప్రొటెక్షన్ అని పేరు. ఆ మూల కూర్చున్న మనిషి చీటీ ఇస్తే వద్దనదు, తీసుకుంటుంది. కాకపోతే మందుల షాపులో ఇచ్చిన చీటీ మందుల షాపు జేబులోనే పెడుతుంది, బట్టల కొట్లోకి వెళ్తే ఆ జేబు తియ్యదు. అక్కడా అదే మనిషి కూర్చుని ఉన్నా మనం వాడికి కొత్తగా వచ్చినవాళ్ళలాగే కనపడతాం. చీటీయే తీసుకోకపోతే కొన్ని సైట్లు ఆగిపోతాయి, ఇలాగైతే చాలామటుకు అన్నీ నడుస్తాయి, అందుకే దీన్ని సెట్టింగ్స్‌లో ఎక్కడో దాచకుండా అందరికీ ఆన్ చేసి ఇవ్వగలిగారు.

ఆ డిఫాల్ట్ అన్నమాట చాలా పెద్దదండి. పొద్దున్న నాలుగింటికి లేచి మేత వేసొచ్చే మనిషి, రోజంతా లేసు అల్లుకుంటూ కూర్చునే నర్సాపురం ఆడవాళ్ళు, వీళ్ళు సెట్టింగ్స్‌లో నాలుగు మెనూలు దిగి ఏదో నొక్కితేనే కాపాడతాం అంటే అది కాపాడటం కాదు.

ఇక క్రోమ్. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువమందికి ఉన్నది ఇదే కాబట్టి చెప్పాలి. గూగుల్ 2020 జనవరిలో థర్డ్ పార్టీ కుకీలు రెండేళ్ళలో తీసేస్తామంది, ఆ తర్వాత గడువు పెంచింది, మళ్ళీ పెంచింది, 2024 జులైలో తియ్యట్లేదు మీకే ఛాయిస్ ఇస్తామంది, 2025 ఏప్రిల్లో ఆ ఛాయిస్ అడిగే స్క్రీన్ కూడా విడిగా పెట్టట్లేదంది. వాటి బదులు అని తయారుచేసిన ప్రైవసీ శాండ్‌బాక్స్‌లో చాలా భాగం కూడా అదే ఏడాది అక్టోబర్లో పక్కన పెట్టేసింది. అందులో పనిచేసే ఇంజినీర్లు మంచివాళ్ళు కావచ్చు, కానీ ఆ కంపెనీ ఆదాయంలో సగానికి పైగా యాడ్ల మీదే వస్తుంది, రెండు పక్కలా డబ్బు తీసుకునే ఏజెంట్‌ని రైతు పక్షాన గట్టిగా నిలబడమంటే ఎలా నిలబడతాడు? క్రోమ్ వాడేవాళ్ళు మాత్రం సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్ళి థర్డ్ పార్టీ కుకీస్ బ్లాక్ చేసుకోండి, అది ఇప్పటికీ ఉంది.

చీటీలు ఆపేస్తే అయిపోయిందా అంటే లేదండి. చీకట్లో గట్టు మీద ఎవరో వస్తుంటే మొహం కనపడకపోయినా నడకని బట్టి ఫలానా వాళ్ళబ్బాయి అని చెప్పేస్తాం కదా, ఫింగర్‌ప్రింటింగ్ అంటే అదే. మీ స్క్రీన్ సైజు, భాష, టైమ్ జోన్, ఏ ఫాంట్లు ఉన్నాయి, ఇవన్నీ విడివిడిగా చూస్తే ఏం కాదు, కలిపితే మనిషి దొరికిపోతాడు. కనపడకుండా ఓ చిన్న బొమ్మ గీయించుకుని మీ ఫోన్ దాన్ని ఎలా గీసిందో చూసే పద్ధతి కూడా ఉంది, ఒక్కో రకం గ్రాఫిక్స్ చిప్, ఒక్కో సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మని కాస్త తేడాగా గీస్తాయి. 2010లో ఇంటర్నెట్‌లో జనం హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్ళు దాదాపు 4,70,000 బ్రౌజర్లని ఇలా పరీక్షిస్తే 83.6 శాతం దేనికదే, రెండోది దానిలాంటిది లేదు. కుకీ అయితే చెరిపెయ్యొచ్చు, నడక ఎలా చెరుపుతాం?

దీనికి బ్రౌజర్లు రెండు దార్లు పట్టాయి. టార్ బ్రౌజర్ ఏం చేస్తుందంటే అందర్నీ ఒకేలా కనపడేలా చేస్తుంది, అంతర్వేది తీర్థంలో జనం మధ్యలో మనిషిని వెతికినట్టు, విండో సైజు కూడా ఉన్నదున్నట్టు చెప్పకుండా చుట్టూ ఖాళీ వదిలి రౌండ్ ఫిగర్‌కి సర్దేస్తుంది, పైగా మన కనెక్షన్‌ని మూడు కంప్యూటర్ల మీదుగా తిప్పి పంపుద్ది, అందుకే నెమ్మది. బ్రేవ్ అనే ఇంకో బ్రౌజర్ దారి వేరు, సైట్ సైట్‌కీ ఆ బొమ్మ లెక్కలో చిన్నచిన్న మార్పులు చేస్తుంది, అంటే ఒక్కో కొట్లోకి ఒక్కో నడకతో వెళ్ళినట్టు. నా మటుకు నాకు రోజువారీ వాడకానికి రెండోదే కుదురుతుంది.

డూ నాట్ ట్రాక్ అని ఒకటి ఉండేది, నన్ను ట్రాక్ చెయ్యొద్దు అని బ్రౌజర్ ప్రతి సైట్‌కీ మర్యాదగా చెప్పేది, వినాలని రూలేం లేదు కాబట్టి దాదాపు ఎవరూ వినలేదు, 2019లో ఆ స్టాండర్డ్ రాసే గ్రూపే మూసేశారు. ఆ సిగ్నలే మనల్ని గుర్తుపట్టడానికి ఇంకో ఆనవాలు అవుతోందని యాపిల్ దాన్ని సఫారీలోంచి తీసేసింది. దణ్ణం పెట్టి అడిగితే పని జరగలేదు, తలుపు వేస్తేనే జరిగింది.

బ్రౌజర్ వల్ల కానివీ ఉన్నాయి, అవి చెప్పకుండా వెళ్తే మిమ్మల్ని మోసం చేసినట్టు. మీరు లాగిన్ అయ్యి మీ పేరుతో వెతికితే ఆ కంపెనీ దగ్గర ఏ బ్రౌజరూ దాచలేదు. బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో అనే మోడ్ ముఖ్యంగా ఇంట్లోవాళ్ళకి హిస్టరీ కనపడకుండా చేస్తుంది గానీ సైట్ల దగ్గర మనల్ని పూర్తిగా దాచదు, దాని మీద అమెరికాలో 2020లో వేసిన కేసులో గూగుల్ 2024లో రాజీకొచ్చి వందల కోట్ల రికార్డులు చెరిపేస్తామని ఒప్పుకుంది. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో లింక్ నొక్కితే తెరుచుకునేది మీ బ్రౌజర్ కాదు, ఆ యాప్ లోపలి కిటికీ, వాళ్ళు ఆ పేజీల్లోకి తమ కోడ్ దూరుస్తున్నారని 2022లో ఫెలిక్స్ క్రౌజ్ అనే ఇంజినీర్ బయటపెట్టాడు. పైన మూడు చుక్కలు నొక్కి బయట బ్రౌజర్లో తెరవండి, ఆ ఒక్క నొక్కుకే చాలా తేడా ఉంటుంది.

మా బాబాయి ఫోన్లో నేను ఫైర్‌ఫాక్స్ వేసి అందులో యాడ్లనీ ట్రాకర్లనీ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టాను, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఇలాంటివి పెట్టుకునే వీల్లేదు. ఆయనేమీ నేర్చుకోలేదు, ఏ మెనూ తెరవలేదు, ఎప్పట్లాగే వాడుకుంటున్నాడు.

ఇప్పుడు ఈ తెర మీద కవర్ యువర్ ట్రాక్స్ అనే పేజీ తెరుస్తున్నాను, ఇందాక చెప్పిన ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్ళదే, మన బ్రౌజర్ మన గురించి ఏమేం చెప్పేస్తోందో చూపిస్తుంది. వెనకాల కూర్చున్న తమ్ముళ్ళూ, ముందు క్రోమ్ ఉన్న ఫోన్ ఒకటి ఇవ్వండి, తర్వాత మా బాబాయి ఫోన్‌తో చేద్దాం, ఆయన ఇక్కడే ఉన్నారు.