నాన్న ఫియట్ డ్యాష్‌బోర్డుకి రెండుసార్లు రంగు వేశాం

అక్క: నమస్కారం అండీ. ఈసారి ఎపిసోడ్ మొత్తం ఒక్క డ్యాష్‌బోర్డు గురించే. మా నాన్న 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని. కాగితాల్లో పద్మిని అని ఉన్నా మా ఇంట్లో, మా వీధిలో అందరికీ అది ఫియట్టే. పోయినసారి ఇంజను గురించి మాట్లాడినప్పుడు చాలామంది డ్యాష్‌బోర్డు సంగతి అడిగారు, అందుకే తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. ఆ పని చేసింది వాడే.

తమ్ముడు: సగం నువ్వే చేశావక్కా. వైర్లకి చీటీలు కట్టింది ఎవరు?

అక్క: సరే, దానికొద్దాం. ముందు బండి గురించి రెండు ముక్కలు చెప్పు, కొత్తగా వింటున్నవాళ్ళు ఉంటారు.

తమ్ముడు: ఇది అసలు ఇటలీ ఫియట్ 1100 బండి. ప్రీమియర్ వాళ్ళు 1964 నుంచి ముంబయి కుర్లా ఫ్యాక్టరీలో 1100 డిలైట్ పేరుతో తయారుచేశారు, 1974 నుంచి పద్మిని అన్నారు. ఇంజను 1089 సీసీ, గేరు స్టీరింగ్ కిందే ఉంటుంది. మనకు కావలసిన సంగతి ఏంటంటే, మా బండిలో డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ కాదు, రేకు. బాడీకి ఏ రంగు వేశారో దానికీ అదే రంగు. పైగా విడిగా ఊడదీసి బల్ల మీద పెట్టుకుని రంగు వేసుకునే సామాను కాదు, బాడీతో కలిసి అతికి ఉన్న రేకు. అంటే బండి లోపల కూర్చుని, నడుం వంచి, మెడ తిప్పి చెయ్యాల్సిన పని.

అక్క: మొదలుపెట్టేటప్పటికి ఎలా ఉండేదో చెప్పు.

తమ్ముడు: మధ్యలో స్టీరియో కోసం ఎవరో రేకు కత్తిరించిన కన్నం. ఎడమ పక్క నాన్న చిన్న ఫ్యాను బిగించడానికి వేసిన రెండు స్క్రూ రంధ్రాలు. వెంకటేశ్వరస్వామి బొమ్మ అతికించిన చోట డబుల్ టేప్ మరక. ముందు అద్దం కింద రెండు మూలల్లోనూ తుప్పు. పైన తెల్లరంగు పెచ్చులు లేచి, కింద ఇంకో రంగు కనిపించేది.

అక్క: ఆ తెల్లరంగు నాన్న వేయించింది కాదు. 1986లో ఆయన కొనేటప్పటికే బండి తెలుపు. అసలు రంగు ఏంటో మాకెవరికీ తెలీదు. గ్లవ్ బాక్స్ మూత తీసి దాని వెనకాల టార్చి వేస్తే కనిపించింది, లేత నీలం. ఎండ తగలని చోటు కదా, నలభై ఏళ్ళ పైబడ్డా అలాగే ఉంది. నేనైతే కాసేపు అక్కడే చూస్తూ ఉండిపోయాను.

తమ్ముడు: ఎవరైనా పాత బండికి రంగు కలిపించుకోవాలంటే ఇలాంటి చోటే వెతకండి, మీటరు వెనక, మూతల వెనక. దొరికిన చోట కొంచెం రబ్బింగ్ కాంపౌండ్, అంటే రంగుని మెరిపించే పేస్టు, పెట్టి రుద్దండి, పైన పేరుకున్న పొగ, పసుపుదనం పోయాక కనిపించేదే అసలు రంగు. రంగు కలిపించాక ఒక రేకు ముక్క మీద కొట్టి, ఆరాక, పగటి వెలుతురులో పక్కన పెట్టి చూడాలి. షాపులో ట్యూబ్‌లైటు కింద అచ్చం ఒకేలా కనిపించినవి ఎండలోకి తెస్తే వేరువేరుగా ఉంటాయి. మేము మూడుసార్లు కలిపించాం.

అక్క: ఇప్పుడు ఊడదీయడం.

తమ్ముడు: మొదట బ్యాటరీ. నెగెటివ్ వైరు ముందు తియ్యాలి, తర్వాతే పాజిటివ్. స్టీరింగ్ నట్టు విప్పేముందు చక్రం ఎక్కడుందో సుద్దతో గీత పెట్టుకోండి, లేకపోతే మళ్ళీ బిగించాక బండి తిన్నగా పోతున్నా చక్రం వంకరగా ఉంటుంది. మీటరు వెనక స్పీడో కేబుల్, అంటే స్పీడు ముల్లుని తిప్పే తీగ, ఉంటుంది, దాని నట్టు చేత్తోనే తిరుగుతుంది, పటకారు పెట్టకండి. పాత వైర్ల పైతొడుగు బిరుసెక్కి ఉంటుంది, వంచితే పగులుతుంది. వంచకుండా ఒక్కోదాన్నీ నెమ్మదిగా లాగాలి.

అక్క: చీటీలు ఇక్కడే. వైరు రంగు చూసి గుర్తుపెట్టుకోవచ్చు అంటారు గానీ నలభై ఏళ్ళలో ఎవరెవరో ఎలక్ట్రీషియన్లు చేతికి దొరికిన వైరు కలిపి ఉంటారు, కాబట్టి రంగుని నమ్మకండి. ప్రతి వైరుకీ రెండు చివర్లా చీటీ, ప్రతి దశలో ఫోన్లో ఫోటో. స్క్రూలు ఏ సామానువి ఆ కవర్లో వేసి పైన పేరు రాశాను.

తమ్ముడు: ముందు అద్దం కూడా తీయించాం. అది తియ్యకపోతే డ్యాష్‌బోర్డు పై అంచుకి రంగు కొట్టే గన్ను అందదు. అసలు ఆ మూలల్లో తుప్పు ఎందుకొచ్చిందో కూడా అప్పుడే తెలిసింది, అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ ఎండిపోయి వాన నీళ్ళు కిందికి దిగి ఏళ్ళ తరబడి అక్కడే నిలిచాయి. బీడింగ్ మార్చకుండా తుప్పుకి రంగు వేస్తే రెండు వానాకాలాలు కూడా ఆగదు.

అక్క: ఇప్పుడు ఆ మొదటిసారి సంగతి చెప్పు.

తమ్ముడు: చెప్తా, ఈ ఎపిసోడ్ చేయడానికి కారణమే అది. డిసెంబర్ చివర్లో మొదలుపెట్టాను, సంక్రాంతికి బండి ఊరికి తీసుకెళ్ళాలని తొందర. ఒక గుడ్డతో తుడిచేసి వెంటనే ఎమరీ పేపర్ పట్టుకున్నాను, 80 నంబరుతో మొదలుపెట్టి 180, 320. పెచ్చులు లేచిన చోట రేకు దాకా వెళ్ళాను, గట్టిగా ఉన్న చోట పాత రంగు అలాగే ఉంచాను. ప్రైమర్, అంటే రంగు కింద వేసే మొదటి పూత, కొట్టాను, అప్పుడే అక్కడక్కడా సన్నగా గుంటలు కనిపించాయి, పేపర్ కొడితే పోతాయిలే అనుకున్నా. నీలం రంగు మొదటి కోటు కొట్టాను. రెండు నిమిషాల్లో రంగు మీద చిన్న చిన్న గుండ్రటి గుంటలు, చేప కళ్ళలాగా, ఒకటి కాదు రెండు కాదు, బోర్డంతా. రంగు అక్కడ నిలబడకుండా పక్కకి జరిగిపోతోంది. ఇంకో కోటు కొడితే నిండుతాయనుకున్నా, పెద్దవయ్యాయి.

అక్క: నాకు ఫోన్ చేశాడు, గొంతు చూస్తే ఏదో యాక్సిడెంట్ అయిందేమో అనుకున్నా.

తమ్ముడు: మర్నాడు ఆటోనగర్ నుంచి పెయింటింగ్ మేస్త్రి గారిని పిలుచుకొచ్చాను. ఆయన గుంటల వైపు ఒక్కసారి చూసి, దీనికి రోజూ ఏం రుద్దేవారు బాబూ అని అడిగారు. నాన్న అరలోంచి సీసా తెచ్చి చూపించారు, డ్యాష్‌బోర్డు మెరవడానికి కొట్టే పాలిష్. ప్రతి ఆదివారం, ఎన్నో ఏళ్ళుగా. ఆ పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది. అది ఎక్కడుంటే అక్కడ తడి రంగు పరుచుకోదు, వెనక్కి లాక్కుంటుంది. నేను కడగకుండా పేపర్ కొట్టాను కాబట్టి పైన ఉన్న సిలికాన్‌ని గీతల్లోకి, రేకు దాకా నేనే రుద్ది ఎక్కించాను.

అక్క: నాన్న ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదు. బండిని బాగా చూసుకోవాలనే కదా రుద్దారు, ఆయన తప్పేముంది?

తమ్ముడు: తప్పు ఎవరిదీ కాదు, వరస మారింది అంతే. అందుకే గట్టిగా చెప్తున్నా, పేపర్ ముట్టుకునే ముందే కడగాలి. సబ్బు నీళ్ళతో ఒకసారి. తర్వాత పెయింట్ షాపుల్లో దొరికే గ్రీజు, మైనం తీసే ద్రావకం. రెండు గుడ్డలు పెట్టుకోండి, ఒకటి తడిపి రుద్దడానికి, అది ఆరేలోపే ఇంకో పొడి గుడ్డతో ఎత్తెయ్యాలి. ఆరిపోతే జిడ్డు మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. గుడ్డలు ఎప్పటికప్పుడు మార్చాలి, లేకపోతే ఇక్కడి సిలికాన్ అక్కడికి మోస్తున్నట్టే. మేస్త్రి గారు ఒక పరీక్ష చూపించారు. కడిగాక నీళ్ళు చల్లండి, తామరాకు మీద నీటిబొట్ల లాగా ముద్దలు కడితే ఇంకా ఉందని అర్థం, పల్చగా పరుచుకుంటే పేపర్ మొదలుపెట్టొచ్చు. మేము నాలుగుసార్లు కడిగితే గానీ నీళ్ళు పరుచుకోలేదు.

అక్క: సంక్రాంతికి బస్సులో వెళ్ళాం. రెండో విడత ఫిబ్రవరిలో. ఈసారి మొత్తం రేకు దాకా తీశారు, అవునా?

తమ్ముడు: అవును. శాండ్ బ్లాస్టింగ్ చేయిస్తే ఒక్కపూటలో అయిపోతుందని ఒకాయన అన్నారు గానీ నేను ఒప్పుకోలేదు. పల్చటి రేకు, ఇసుక దెబ్బకి అలలు తేలితే మళ్ళీ సరిచెయ్యలేం, పైగా ఆ ఇసుక బండి సందుల్లోంచి ఎప్పటికీ పోదు. చేత్తోనే తీశాం. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడి దుమ్ము లేవకుండా నీళ్ళతో వాటర్ పేపర్ కొట్టాం, మాస్క్ పెట్టుకుని. హీట్ గన్ మాత్రం వద్దు, సీసం ఆవిరి పీల్చినట్టవుతుంది. రేకు పూర్తిగా ఆరాక అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టాం. విజయవాడ గాలిలో బోడి రేకు రాత్రంతా వదిలితే పొద్దున్నకి ఎర్రగా తుప్పు పడుతుంది.

అక్క: ఆ రంధ్రాల గొడవ చెప్పు.

తమ్ముడు: స్టీరియో కన్నానికి వెనకనుంచి రేకు ముక్క పెట్టి టింకరింగ్ ఆయన, అంటే రేకు పని చేసే ఆయన, చుక్కలు చుక్కలుగా వెల్డింగ్ చేశారు, ఒక్కసారే గీత లాగితే వేడికి రేకు ముడుచుకుంటుందని. పైన పుట్టీ చాలా పల్చగా. ఫ్యాను రంధ్రాలు కూడా మూసేద్దాం అన్నాను, నాన్న కూడా మూసెయ్యమన్నారు.

అక్క: నేను ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీలో లేనివన్నీ మూసెయ్యాలనే పట్టింపు నాకు లేదు. ఎండాకాలం తిరుపతి వెళ్ళేటప్పుడు అమ్మ ముందు సీట్లో నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది, ఆ ఫ్యాను ఆమె కోసం బిగించింది. స్టీరియో కన్నం వేరే ఎవరో కత్తిరించింది, అది పోతే పోనీ. ఫ్యాను రంధ్రాలు ఆ బండిలో మా బతుకు. ఉంచాల్సిందే.

తమ్ముడు: ఉంచాం. అంచుల్లో తుప్పు పట్టకుండా లోపలి వైపు కూడా ప్రైమర్ పెట్టాం.

అక్క: ఇక రంగు. పీయూ, అంటే పాలీయురేథేన్ రంగు, ఎందుకు వద్దన్నావు? అందరూ అదే వేయిస్తున్నారు కదా.

తమ్ముడు: బాడీకి పీయూ మంచిదే, ఎండా వానా తట్టుకుంటుంది. కానీ పీయూ గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చాలా చెడ్డవి, ఆస్తమా పట్టుకుంటే జీవితాంతం పోకపోవచ్చు. బయటినుంచి గొట్టంతో గాలి వచ్చే మాస్క్ పెట్టుకుని కొట్టాల్సిన రంగది. మన దగ్గర ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని కొడతారు, అదీ ఇంత ఇరుకు క్యాబిన్‌లో తల దూర్చి. నాకు అది భరించరానిది. డ్యాష్‌బోర్డు మీద వాన పడదు, దానికి ఎన్‌సీ, అంటే పాతకాలం నైట్రోసెల్యులోజ్ రంగు, చాలు. ఎన్‌సీ మెరుపు కూడా మెత్తగా ఉంటుంది, పాత బండికి అదే నప్పుతుంది, రేపు గీత పడితే అంతమేరకే సరిచేసుకోవచ్చు. దాని తిన్నర్‌కీ ఆవిరి ఆపే ఫిల్టర్ మాస్క్ కావాలి, తలుపులన్నీ తీసి ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. మాస్క్ నేనే కొని మేస్త్రి గారికి ఇచ్చాను.

అక్క: పొద్దున్నే మొదలుపెడదామంటే ఆయన వద్దన్నారు.

తమ్ముడు: మంచు. గాలిలో తేమ ఉంటే ఎన్‌సీ పాలు కలిసినట్టు తెల్లబడుతుంది. పది దాటి ఎండ వచ్చాక కొట్టారు. చిన్న గన్ను, మొదట పొగలాగా పల్చటి కోటు, పది పదిహేను నిమిషాలు ఆగి తడి కోటు, మళ్ళీ ఆగి ఇంకోటి. ఒక్క గుంట కూడా రాలేదు. ఆ మొదటి తడి కోటు పడ్డప్పుడు నేను ఊపిరి బిగబట్టి చూశానక్కా. అద్దం కింద పై అంచు మాత్రం మెరుపు లేకుండా మ్యాట్‌గా కొట్టించాం, లేకపోతే ఎండలో దాని నీడ అద్దంలో పడి రోడ్డు కనిపించదు. రెండు వారాలు ఆరనిచ్చి, 2000 నంబరు వాటర్ పేపర్, తర్వాత రబ్బింగ్.

అక్క: అద్దం బిగించేది నాకు భలే నచ్చింది. కొత్త బీడింగ్ గాడిలో చుట్టూ తాడు పెట్టి, సబ్బు నీళ్ళు రాసి, బయటినుంచి ఒకరు అద్దాన్ని నొక్కుతుంటే లోపలినుంచి తాడు లాగుతూ పోతే రబ్బరు అంచు దానంతటదే రేకు మీదికి ఎక్కి కూర్చుంది.

తమ్ముడు: ఫ్యాను కూడా అదే రంధ్రాల్లో బిగించాం. మోటారు లోపల కరెంటు అందించే బ్రష్‌లు కొత్తవి వేయిస్తే తిరుగుతోంది.

అక్క: అమ్మ ఎక్కి కూర్చుని ముందు ఫ్యాను వేయమంది, నీలం రంగు తర్వాత చూసింది. నాన్న ఇప్పుడు తడి గుడ్డతో తుడుస్తున్నారు, ఆదివారం ఆదివారం, మానలేదు. స్పీడో ముల్లు మాత్రం నలభై దాటితే వణుకుతోంది.

తమ్ముడు: కేబుల్ లోపల గ్రీజు ఎండిపోయి ఉంటుంది. తీసి కడగాలి.

అక్క: అయితే వచ్చేసారి అదే చేద్దాం, నాన్నని కూడా మైకు ముందు కూర్చోబెడదాం. ఉంటామండీ.