అప్లై బటన్ దాకా

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో రిక్రూట్‌మెంట్ కన్సల్టెన్సీలు నడిపేవాళ్లు ఇంతమంది ఒకచోట కూర్చోవడం సంతోషంగా ఉంది. ఎక్కడ కలిసినా మీరు నన్ను అడిగేది ఒకటే: మా సైట్ గూగుల్‌లో పైకి ఎందుకు రావడం లేదని. అది చెప్పేముందు ఒక అమ్మాయి సంగతి చెప్పాలి.

మా బంధువులమ్మాయి అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటోంది. కిందటి నెల నా పక్కనే కూర్చుని తన ఫోన్‌లో ఒక కన్సల్టెన్సీ సైట్ తెరిచింది. అప్లై నొక్కబోయేసరికి పైన బ్యానర్ ఒకటి లోడై, బటన్ కిందికి జారింది. వేలు వెళ్లి ప్రకటన మీద పడింది. వెనక్కి వచ్చి రెజ్యూమె పెట్టింది. పెట్టాక, అందులో ఉన్నవే మళ్లీ టైప్ చేయమంది: పేరు, కాలేజీ, పర్సంటేజీ, అన్నీ. ఓపిగ్గా కొట్టింది. ఓటీపీ కోసం మెసేజ్‌లోకి వెళ్లి వచ్చేసరికి పేజీ రీఫ్రెష్ అయి ఫారం ఖాళీ. "వద్దులే బాబాయ్" అని ఫోన్ పక్కన పెట్టేసింది. ఆ ఉద్యోగానికి అన్ని విధాలా సరిపోయే పిల్ల.

ఆ బటన్ జారడానికి గూగుల్ దగ్గర ఒక లెక్క ఉంది. పేజీలోవి ఎంత జారాయో చెప్పే ఆ అంకెను సీఎల్‌ఎస్ అంటారు, అది 0.1 దాటకూడదు. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనపడాలి. ఏదైనా నొక్కితే 200 మిల్లీసెకన్లలో స్పందన తెలియాలి. ఈ మూడోది, ఐఎన్‌పీ, 2024 మార్చి నుంచి లెక్కలోకి వచ్చింది. మీ ఆఫీసు వైఫైలో, మంచి లాప్‌టాప్ మీద బాగుంటే చాలదు. క్రోమ్ వాడే మామూలు జనం దగ్గర 28 రోజుల పాటు తీసిన కొలతలవి. వందలో 75 సార్లు బాగుంటేనే బాగున్నట్టు.

అయితే, వేగం పెంచి మొదటి పేజీలో కూర్చోబెడతామని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే కొనకండి. వెతికినవాళ్లకు కావలసింది పేజీలో ఉందా లేదా అన్నదే గూగుల్ ముందు చూస్తుంది. సరుకు ఒకేలా ఉన్న పేజీలు చాలా ఉన్నప్పుడు ఈ తేడాలు పనిచేస్తాయి. మన వ్యాపారంలో జరిగేదే అది కదా? క్లయింట్ పంపిన జాబ్ డిస్క్రిప్షన్‌నే అందరం అతికిస్తాం.

వేగం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది భర్తీ అయిపోయిన ఉద్యోగాలు. గూగుల్ తన సెర్చ్‌లో ఉద్యోగాలను విడిగా చూపించడం మన దేశంలో 2018లో మొదలైంది. అందులో రావాలంటే, ఇది ఉద్యోగ ప్రకటన అని గూగుల్‌కు తెలిపే జాబ్‌పోస్టింగ్ కోడ్ పేజీలో ఉండాలి. పోస్టు నిండాక ఆ పేజీ తీసేయాలి, లేదా కోడ్‌లో గడువు ముగిసినట్టు పెట్టాలి, లేదా కోడే తీసేయాలి. అలాగే వదిలేస్తే అక్కడినుంచి మన ఉద్యోగాలను తప్పించే అధికారం గూగుల్‌కు ఉంది. అభ్యర్థుల దగ్గర డబ్బు అడిగే ప్రకటనలకు అసలు చోటే లేదు.

నేను మొదట పనిచేసిన కన్సల్టెన్సీలో, రెజ్యూమెలు వస్తూ ఉంటాయని, నిండిన పోస్టులకు తేదీ మార్చి ఉంచేవాళ్లం. ఆ తేదీలు మార్చింది నేనే. ఒకబ్బాయి ఫోన్ చేసి, "నిన్ననే పెట్టినట్టుంది కదా సార్" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ అబ్బాయి మళ్లీ మా సైట్ ఎందుకు తెరుస్తాడు?

అందుకే ఫారంలో పేరు, ఫోన్ నంబరు, రెజ్యూమె చాలు. మిగతావి మాట్లాడేటప్పుడు అడగొచ్చు. బ్యానర్ తప్పదనుకుంటే దానికి ముందే చోటు కేటాయించమని మీ డెవలపర్‌కు చెప్పండి, బటన్ జారదు. నిండిన పోస్టులు తీసే పని ఒక మనిషికి అప్పగించండి, రోజూ సాయంత్రం.

మా బంధువులమ్మాయి ఫోన్ అడిగి తెచ్చాను. వైఫై ఆపేశాను, మొబైల్ డేటా మీదే ఉంది. ముందు ఎవరి సైట్ తెరుద్దాం?