ఎన్నో చేతులు మారిన ట్యాంకులు: ఉరుగ్వే సైన్యం దగ్గర ఏమున్నాయి, ఎలా నడుస్తున్నాయి?

[తెరపై: దక్షిణ అమెరికా మ్యాప్. బ్రెజిల్, అర్జెంటీనా మధ్య ఉరుగ్వే రంగు మారుతుంది.]

పైన బ్రెజిల్, పక్కన అర్జెంటీనా. మధ్యలో ఉన్న ఈ చిన్న దేశమే ఉరుగ్వే. విస్తీర్ణంలో మన ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త పెద్దది, కానీ జనాభా దాదాపు 35 లక్షలే. సైన్యంలో చేరడం తప్పనిసరి కాదు, ఇష్టమున్నవాళ్లే చేరతారు.

ఇంత చిన్న దేశానికీ ట్యాంకులున్నాయి, ఫిరంగులున్నాయి, రకరకాల సాయుధ వాహనాలున్నాయి. వాటి లిస్టు ఇంటర్నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. ఆ లిస్టు చూసి "ఇవేం సరిపోతాయి?" అని తేల్చేసేవాళ్లే ఎక్కువ. నా దృష్టిలో అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఆ బండి ఎక్కడి నుంచి వచ్చింది? ఇప్పటికీ ఎలా నడుస్తోంది? దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు? వీటికి జవాబు దొరికితే ఉరుగ్వే సైన్యం మొత్తం అర్థమవుతుంది.

[తెరపై: టీఐ-67 ట్యాంకు, పక్క నుంచి. కెమెరా చక్రాల మీద ఆగుతుంది.]

ముందు ఈ ట్యాంకును బాగా చూడండి. ఒక్కో వైపు ఐదు పెద్ద చక్రాలు. మొదటి చక్రానికీ రెండో చక్రానికీ మధ్య మాత్రం ఖాళీ కాస్త ఎక్కువ. పైన బోర్లించిన మూకుడులా గుండ్రటి టరెట్, అంటే గన్‌తో పాటు చుట్టూ తిరిగే పై భాగం. ట్యాంకుల గురించి కొద్దిగా తెలిసినవాళ్లు కూడా చూడగానే "ఇది సోవియట్ టీ-55 కదా" అనేస్తారు.

[తెరపై: గన్ గొట్టం క్లోజప్. పక్కనే మామూలు టీ-55 గొట్టం.]

ఇప్పుడు గొట్టం చూడండి. మామూలు టీ-55కి గొట్టం చివర, గుండు బయటికొచ్చే చోట, లావుగా ఒక ఉబ్బు ఉంటుంది. గన్ పేల్చాక ఆ పొగ టరెట్‌లో ఉన్న మనుషుల మీదికి రాకుండా బయటికి లాగేసే అమరిక అది. ఈ ట్యాంకుకి ఆ ఉబ్బు చివర్లో లేదు, బాగా వెనక్కి జరిగి ఉంది. అంటే గన్ మార్చేశారన్నమాట.

ఎవరు మార్చారు? ఇజ్రాయెల్. 1967, 1973 యుద్ధాల్లో అరబ్ సైన్యాల దగ్గర నుంచి ఇజ్రాయెల్‌కు వందల కొద్దీ టీ-54, టీ-55 ట్యాంకులు చిక్కాయి. వాటిని తుక్కు కింద వేయలేదు. టిరాన్ అని పేరు పెట్టి తన సైన్యంలోనే పెట్టుకుంది. సోవియట్ గన్ 100 మిల్లీమీటర్లది. దానికి గుండ్లు సోవియట్ వైపు నుంచే రావాలి, శత్రువులకు ఆయుధాలిచ్చేవాళ్లు ఇజ్రాయెల్‌కు ఇవ్వరు. అందుకే ఆ గన్ తీసేసి, తమ మిగతా ట్యాంకుల్లో ఉన్న 105 మిల్లీమీటర్ల గన్‌ను బిగించారు. దాని మూలం బ్రిటన్ డిజైన్. ఆ తర్వాత అన్ని ట్యాంకులకూ ఒకే రకం గుండు సరిపోయింది.

అలా మార్చిన వాటిలో 15 ట్యాంకులను 1990లలో ఉరుగ్వే కొనుక్కుంది. అక్కడ వీటిని టీఐ-67 అంటారు. సోవియట్ డిజైన్, అరబ్ సైన్యాల్లో సర్వీసు, ఇజ్రాయెల్ వర్క్‌షాప్, బ్రిటన్ మూలమున్న గన్, ఇప్పుడు ఉరుగ్వే సైనికుడు. ఇన్ని చేతులు మారిన ట్యాంకు ఇంకా కదులుతోందంటే దాని వెనక మెకానిక్‌ల కష్టం ఎంత ఉందో ఊహించండి. ఈ సైన్యంలో నాకు అందరికంటే ఎక్కువ గౌరవం వాళ్ల మీదే.

[తెరపై: ఎం-24 చాఫీ, తర్వాత ఎం-41 వాకర్ బుల్‌డాగ్.]

తర్వాత అమెరికా ట్యాంకులు. ఎం-24 చాఫీ 1944లో, రెండో ప్రపంచ యుద్ధం చివరి దశలో, రంగంలోకి దిగిన తేలికపాటి ట్యాంకు. ఉరుగ్వే దాన్ని అర్ధశతాబ్దానికి పైగా వాడుకుంది. మన తాతల కాలం నాటి ట్యాంకును మనవళ్లు కూడా నడిపారన్నమాట.

దాని తరువాతి తరం ఎం-41 వాకర్ బుల్‌డాగ్. ఇది 1950ల మొదట్లో వచ్చింది, బరువు సుమారు 23 టన్నులు. ఉరుగ్వేకు మొదట బెల్జియం నుంచి వచ్చాయి. 2018లో బ్రెజిల్ తన పాత ఎం-41లు 25 ఇచ్చింది. ఈ బ్రెజిల్ ట్యాంకుల్లో ఒక విషయం తప్పకుండా చెప్పాలి. అమెరికా నుంచి వచ్చినప్పుడు వీటి గన్ 76 మిల్లీమీటర్లది, ఇంజిన్ పెట్రోలుది. బెర్నార్దినీ అనే బ్రెజిల్ కంపెనీ పెట్రోల్ ఇంజిన్ పీకేసి స్కానియా డీజిల్ ఇంజిన్ పెట్టింది. గన్ కోసం కొత్త గొట్టం కొనకుండా, పాత గొట్టాన్నే లోపల బోర్ చేసి 90 మిల్లీమీటర్లకు పెంచింది. పాత ఇంజిన్‌కు బోర్ చేయించే మెకానిక్ షెడ్డు తెలిసినవాళ్లకు ఈ ఆలోచన ఎంత తెలివైనదో వెంటనే అర్థమవుతుంది.

ఇందులో ఇబ్బంది కూడా ఉంది, దాచకూడదు. చాఫీకి 75, ఎం-41కి 90, టీఐ-67కి 105 మిల్లీమీటర్లు: చిన్న సైన్యంలో మూడు సైజుల ట్యాంకు గుండ్లు. ఇంజిన్‌లు వేరు, చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టీలు, అంటే ట్రాక్‌లు, వేరు, టూల్స్ వేరు. ఒక రకానికి చెందిన స్పేర్ పార్ట్ ఇంకోదానికి పనికిరాదు. తక్కువ ధరకు వచ్చిన బండి తర్వాత మెయింటెనెన్స్ రూపంలో ఆ ఖర్చంతా రాబడుతుంది. చాఫీలను పక్కన పెట్టి బ్రెజిల్ ఎం-41లు తీసుకోవడం అందుకే మంచి నిర్ణయం. కనీసం ఒక తలనొప్పి తగ్గింది.

మరి ఈ ట్యాంకులతో బ్రెజిల్‌ను ఎదిరించగలరా? లేరు, ఆ ఉద్దేశమూ లేదు. పొరుగు దేశమే ట్యాంకులు ఇస్తోందంటే అక్కడ యుద్ధ భయం ఎంత తక్కువో తెలుస్తోంది. ట్యాంకు నడపడం, రిపేరు చేయడం, కాలిబలంతో కలిసి కదలడం లాంటి నైపుణ్యాలు ఒక తరంలో పోతే మళ్లీ సంపాదించడానికి ఏళ్లు పడుతుంది. అవి చేజారకుండా ఉండటానికే ఈ ట్యాంకులు.

[తెరపై: 2ఎస్1 గ్వోజ్దికా, వెంటనే రైఫిళ్లు.]

ఫిరంగుల్లో చెప్పుకోదగ్గది 2ఎస్1 గ్వోజ్దికా. ట్రాక్‌ల మీద నడిచే 122 మిల్లీమీటర్ల సోవియట్ డిజైన్ ఫిరంగి, నీళ్లలో తేలుతుంది కూడా. చెక్ రిపబ్లిక్ నుంచి కొన్నారు. రైఫిళ్లలో పాత నమ్మకస్తురాలు బెల్జియం ఎఫ్ఎన్ ఫాల్. మన పోలీసుల భుజాన ఏళ్ల తరబడి కనిపించిన ఎస్ఎల్ఆర్ కూడా ఆ కుటుంబానిదే. ఆస్ట్రియా నుంచి వచ్చిన స్టెయిర్ ఆగ్ కూడా వీళ్ల దగ్గర ఉంది.

[తెరపై: తెల్ల రంగు ఓటీ-64. పక్కన నల్ల అక్షరాల్లో ఐక్యరాజ్యసమితి గుర్తు.]

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ సైన్యం నిజంగా ప్రాణాలకు తెగించి పని చేసేది సొంత గడ్డ మీద కాదు, ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో. ఈజిప్టులోని సినాయ్‌లో 1982 నుంచి బహుళ దేశాల దళంలో రవాణా పని చేస్తున్నారు. అది ఐరాస దళం కాదు గానీ, పని అలాంటిదే. హైతీలో 2004 నుంచి మిషన్ ముగిసిన 2017 దాకా, కాంగోలో 2000ల మొదటి నుంచి, సిరియా, ఇజ్రాయెల్ మధ్య ఉన్న గోలన్ కొండల్లో 2018 నుంచి ఉన్నారు. జనాభా లెక్కన చూస్తే ఇంత ఎక్కువ మంది శాంతి సైనికులను పంపిన దేశాలు చాలా తక్కువ.

అక్కడ ట్యాంకులు పనికిరావు. చక్రాల బండి కావాలి. తెరపై ఉన్నది ఓటీ-64. చెకోస్లొవేకియా, పోలెండ్ కలిసి చేసిన ఎనిమిది చక్రాల వాహనం. టాట్రా డీజిల్ ఇంజిన్ గాలితోనే చల్లబడుతుంది, కాబట్టి రేడియేటర్ లీకయ్యే బాధ లేదు. వెనక రెండు ప్రొపెల్లర్లు ఉన్నాయి, నది అడ్డొస్తే ఈదుతుంది. వంతెనలు తక్కువ, బురద ఎక్కువ ఉన్న కాంగోకు ఇలాంటిదే కావాలి. కెనడా వాడి పక్కన పెట్టిన పిరానా తరహా వాహనాలు, రష్యా నుంచి వచ్చిన వోద్నిక్ అనే సాయుధ వాహనాలు కూడా ఉరుగ్వే దగ్గర ఉన్నాయి. అదే కాంగో తూర్పు భాగంలో భారత దళాలు వాడిన బీఎంపీ-2 సాయుధ వాహనాలు మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఫ్యాక్టరీలో తయారయ్యే రకమే.

[తెరపై: డబ్బు ఎలా వస్తుందో చూపే సాదా రేఖాచిత్రం.]

డబ్బు సంగతి జాగ్రత్తగా వినండి. శాంతి దళంలో ఒక్కో సైనికుడికి నెలకు 1,400 డాలర్లకు పైగా ఐరాస ఆ దేశ ప్రభుత్వానికి తిరిగి చెల్లిస్తుంది. వాహనాలకు వేరే లెక్క. బండితో పాటు దాని మెయింటెనెన్స్ బాధ్యత కూడా దేశమే తీసుకుంటే ఎక్కువ రేటు, మెయింటెనెన్స్ వేరేవాళ్లు చూస్తే తక్కువ రేటు.

అయితే బండి అక్కడ ఉంటే చాలదు, నడవాలి. మూడు నెలలకోసారి ఐరాస తనిఖీ బృందం వస్తుంది. ఒప్పుకున్న వాహనాల్లో కనీసం 90 శాతం పనిచేసే స్థితిలో లేకపోతే చెల్లింపులో కోత పడుతుంది. అంటే ఒక గేర్‌బాక్స్ సమయానికి రాకపోయినా ఆ లోటు ఖజానా దాకా వెళ్తుంది. ఈ ఒక్క నియమం వల్లే ఉరుగ్వే సైన్యంలో పాత చక్రాల బండ్లకు కొత్త ట్యాంకు కంటే ఎక్కువ విలువ.

[తెరపై: తూర్పు కాంగో మ్యాప్, గోమా నగరం.]

ఇదంతా డబ్బు కోసమే అనుకుంటే మాత్రం పొరపాటు. 2025 జనవరిలో ఎం23 తిరుగుబాటుదారులు గోమాను పట్టుకునే క్రమంలో జరిగిన పోరులో ఒక ఉరుగ్వే సైనికుడు చనిపోయాడు, మరికొందరు గాయపడ్డారు. అంత చిన్న దేశంలో ఆ కబురు ఊరూరా తాకుతుంది. పాత బండికి కవచం ఎంత మందం, దాని కింద మందుపాతర పేలితే లోపలివాళ్లు బతుకుతారా అన్న చర్చ అక్కడ కాగితం మీది లెక్క కాదు.

ఇక ముందేంటి? ఐరాస మిషన్ వెళ్లిపోవాలని కాంగో ప్రభుత్వం 2023లో కోరింది. 2024 మధ్యకల్లా కాంగో తూర్పున ఉన్న దక్షిణ కివు ప్రాంతం నుంచి దళాలు వెనక్కి వచ్చాయి. మిగతాది కూడా ముగిస్తే ఆ తెల్ల బండ్లన్నీ ఓడల్లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోకు చేరతాయి, వాటి టైర్లు, ఇంజిన్‌ల ఖర్చు పూర్తిగా సొంత బడ్జెట్ మీద పడుతుంది. గోలన్‌లోని దళం చిన్నది, కాంగో దళం లోటును అదొక్కటే పూడ్చలేదు.