విత్తనం తరఫు మనిషి

శ్రోతలకు నమస్కారం.

ఇథియోపియాలో ఇంటింటా ఇంజెరా వేస్తారు. మన అట్టుకు దగ్గరి చుట్టం: పిండి పులియబెట్టి పెనం మీద పోస్తారు. ఆ పిండి టెఫ్ అనే ధాన్యానిది. గింజ గసగసాల కంటే పెద్దదేం కాదు. అలాంటి విత్తనాల మీద హక్కు రైతుదేనని ప్రపంచ వేదికల మీద పోట్లాడిన వృక్షశాస్త్రవేత్త తెవోల్డే బెర్హాన్ గెబ్రే ఎగ్జియాబెర్. అక్కడ మనలా ఇంటిపేర్లుండవు, వెనక వచ్చేది తండ్రి పేరు. కాబట్టి మనం తెవోల్డే అనుకుంటే చాలు.

1940లో టిగ్రే ప్రాంతంలో పుట్టారు. వేల్స్‌లో పీహెచ్‌డీ చేసి, ఆడిస్ అబాబాలో పాఠాలు చెప్పారు. తర్వాత జాతీయ హెర్బేరియం చూసుకున్నారు. అంటే ఎండబెట్టి కాగితాలకు అతికించిన మొక్కల భాండాగారం. దేశంలోని మొక్కలన్నిటినీ పుస్తకాలకెక్కించే పని 1980లో ఆయన ఆధ్వర్యంలోనే మొదలైంది. ఈలోగా కరువులొచ్చాయి, యుద్ధం జరిగింది, ప్రభుత్వాలు మారాయి. 2009కి గానీ పని పూర్తి కాలేదు. ఎనిమిది సంపుటాలు, దాదాపు 6,000 జాతులు!

ఇంతలో జన్యుమార్పిడి విత్తనాలు దేశాల సరిహద్దులు దాటసాగాయి. వాటిపై నిబంధనల కోసం 1999లో కొలంబియాలోని కార్టహేనాలో చర్చలు జరిగాయి. ధాన్యం ఎగుమతి చేసే పెద్ద దేశాలు ఒప్పుకోలేదు. వర్ధమాన దేశాల తరఫున మాట్లాడిన తెవోల్డే కూడా వెనక్కి తగ్గలేదు. చివరికి 2000 జనవరిలో మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. సైన్సు పూర్తిగా తేల్చకపోయినా, ముప్పుందని అనుమానిస్తే ఆ విత్తనం మాకొద్దు అనే వీలు దేశాలకు దక్కింది. ఆ ఒప్పందం సభ్యదేశాలు 2012 అక్టోబరులో సమావేశమైంది మన హైదరాబాద్‌లోనే.

తమాషా ఏమిటంటే, 2005లో అదే మాంట్రియల్‌లో సమావేశానికి బయల్దేరితే కెనడా ముందు ఆయనకు వీసా ఇవ్వలేదు. నలుగురూ గొడవ చేశాక ఇచ్చింది.

నాకు మాత్రం టిగ్రేలో ఆయన చేసిన పనే ఎక్కువ ఇష్టం. 1996లో నాలుగు చోట్ల రైతులతో మొదలుపెట్టారు. భార్య సూ ఎడ్వర్డ్స్ కూడా వృక్షశాస్త్రవేత్తే, ఈ పనిలో ఆవిడది సగం చెయ్యి. ఆకూ అలమూ పేడా కలిపి కంపోస్టు చేయించారు, గట్లు వేయించారు, చెట్లు నాటించారు. పశువులను ఇష్టమొచ్చినట్టు వదలకూడదని ఊళ్లే కట్టుబాటు పెట్టుకున్నాయి. కొన్నేళ్లకు చూస్తే రసాయన ఎరువు చల్లిన చేలకు కంపోస్టు చేలు తీసిపోలేదు, చాలాచోట్ల ఎక్కువే పండాయి.

సూ 2018లో, తెవోల్డే 2023 మార్చిలో కన్నుమూశారు.

సెలవు, నమస్కారం.