నాయనకు చెప్పబాకండి

సభకు నమస్కారం. ఈ ఎండలో టీ నగర్ ట్రాఫిక్ ఈదుకుంటూ వచ్చిన మీకందరికీ ఉగాది శుభాకాంక్షలు. 'పిల్లల ఆహారం' మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. మీరు పచ్చడి తినేశారు, ఆ సంగతి అయిపోయింది. నేను సైకిల్ గురించి మాట్లాడతాను.

కొన్నేళ్ల కిందట నెల్లూరు దగ్గర ఒక పల్లె నుంచి తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి పినాకిని రైల్లో నా దగ్గరికి తీసుకొచ్చారు. అయిదు వారాలుగా కడుపునొప్పి. గ్యాస్ అన్నారట, నులిపురుగులన్నారట, బడి ఎగ్గొట్టే నాటకమని కూడా అన్నారట. రెండు ముద్దలు తింటే వాంతి. చెయ్యి పెట్టి చూస్తే బొడ్డుపైన చిన్న కొబ్బరికాయంత ఉబ్బు. "ఎక్కడైనా పడ్డాడామ్మా?" "లేదు సార్." తండ్రి టీకి వెళ్లాక వాణ్ణే అడిగాను. తలుపు వంక ఓసారి చూసి, "అన్న సైకిల్ సార్. నాయనకు చెప్పబాకండి" అన్నాడు.

గ్రిప్పు ఊడిపోయిన హ్యాండిల్. ఉత్త ఇనప గొట్టం. పడినప్పుడు అది తిరిగి పొట్టలో పొడుచుకుంది. పైకి రూపాయి బిళ్లంత మచ్చ, అదీ మాసిపోతోంది.

క్లోమం, అదే పాంక్రియాస్, జీర్ణాశయం వెనక వెన్నెముకకు అడ్డంగా పడుకుని ఉంటుంది. ముందు గొట్టం, వెనక ఎముక, మధ్యలో అది నలిగింది. అన్నం అరిగించే రసం బయటికి కారి నిలిచిపోయింది. దాని చుట్టూ ఒళ్లే ఒక గోడ కట్టుకుంటుంది. సూడోసిస్ట్ అంటాం. ఆ గోడ గట్టిపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు. చిన్నవైతే చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. తొందరపడి చెయ్యి పెట్టకూడదు.

మా రోజుల్లో పొట్ట కోసి, సిస్టును జీర్ణాశయానికి కలిపి కుట్టేవాళ్లం. నేనూ చేశాను, పనిచేసేది. వీడికి మాత్రం మా గ్యాస్ట్రో డాక్టరు మత్తిచ్చి, కొసన అల్ట్రాసౌండ్ ఉన్న ఎండోస్కోప్ నోట్లోంచి దింపాడు. జీర్ణాశయం గోడకు ఆనుకుని సిస్టు తెరమీద నల్లగా కనబడింది. దారిలో రక్తనాళాలు లేని చోటు వెతికి, సూదితో పొడిచి, తీగ మీదుగా రెండు స్టెంట్లు, అంటే సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు, పెట్టాడు. కొసలు పందితోకలా చుట్టుకుని ఉంటాయి, జారిపోకుండా. లోపలి నీరంతా జీర్ణాశయంలోకే దిగిపోయింది. పొట్టమీద గాటు లేదు. మూడో రోజు వాడు ఇడ్లీ అడిగాడు. వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటూ చట్నీ వద్దంది!

అందరికీ ఇలాగే కుదరదు. ఆ స్కోపులు పెద్దవాళ్ల కొలతకు చేసినవి, మరీ చిన్నపిల్లల గొంతులో పట్టవు. అప్పుడు బయటినుంచి సన్నటి గొట్టం వెయ్యాలి, లేదంటే లాపరోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్. రక్తం కారొచ్చు, చీము పట్టొచ్చు. అందుకే అలవాటున్న చేతులు కావాలి.

కానీ నా బాధ స్కోపుల గురించి కాదు. లైపేజ్ అని ఒక రక్తపరీక్ష ఉంది. మామూలు గరిష్ఠానికి మూడింతలు దాటితే క్లోమాన్ని అనుమానించాల్సిందే. ఆ పరీక్షా, అల్ట్రాసౌండూ నెల్లూరులోనే దొరుకుతాయి. అయిదు వారాల్లో ఒక్కరూ రాయలేదు. రాయకపోవడానికి కారణం, పడ్డాడని ఎవరికీ తెలియదు. వాడెందుకు చెప్పలేదు? మీలో ఎంతమంది తండ్రులు, పిల్లవాడు పడి లేస్తే ముందు దెబ్బ చూస్తారు, ఎంతమంది ముందు దెబ్బ వేస్తారు? చెయ్యెత్తక్కర్లేదులెండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్కమాట. వచ్చేటప్పుడు కింద పార్కింగులో మూడు పిల్లల సైకిళ్లు చూశాను. అందులో ఎర్రదానికి ఎడమవైపు గ్రిప్పు లేదు. అది ఎవరిదండీ?