ఐరీ పాటకు ముందు ఇంకో పాట

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, భోజనాల బల్లల వైపు ఓ కన్నేసి ఉంచిన మీ అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసినవారు చెప్పిన పొగడ్తల్లో సగం తీసేయండి. ఇక విషయానికొస్తాను.

నాకిచ్చిన అంశం ఐరీ లెజూన్. లూసియానా కేజన్ డాన్స్ హాళ్లలో అకార్డియన్ వాయిస్తూ పాడినవాడు. హ్యూస్టన్ తెలుగువాళ్లకి ఆయన గొడవ ఎందుకంటారా? ఆయన మొదటి రికార్డు, 'ప్రేమ వంతెన' అనే వాల్ట్జ్ (జంటలుగా ఆడే డాన్సు) పాట, 1948లో తయారైంది ఈ ఊళ్లోనే. ఐ-10 హైవే ఎక్కి తూర్పుకి రెండున్నర గంటలు పోతే లేక్ చార్ల్స్. కసీనోల కోసం మనలో చాలామందికి తెలిసిన దారే, చేతులెత్తక్కర్లేదు. ఆయన బతికిందీ పాడిందీ ఆ చుట్టుపక్కలే.

1755లో బ్రిటిష్ వాళ్లు కెనడా తీరం నుంచి తరిమేసిన ఫ్రెంచి రైతుల సంతతి ఈ కేజన్లు. ఐరీ 1928లో చర్చ్ పాయింట్ దగ్గర ఓ పేద రైతు కుటుంబంలో పుట్టాడు. చూపు దాదాపు లేదు. పొలం పనికి పనికిరాడని వదిలేస్తే, పిల్లవాడు బంధువుల ఇంట్లో ఉన్న అకార్డియన్ పట్టుకు కూర్చున్నాడు.

ఆ వాద్యం చూడ్డానికి చిన్నది. కుడివైపు పదే మీటలు. హార్మోనియంలో ఒక మెట్టుకి ఒకటే స్వరం కదా, ఇందులో అలా కాదు. అదే మీట నొక్కి తిత్తిని లోపలికి తోస్తే ఒక స్వరం, బయటికి లాగితే ఇంకోటి. మైకుల్లేని రోజుల్లో హాలునిండా అడుగుల చప్పుడు మధ్య కూడా వినపడేంత గట్టి గొంతు దానిది. పసిపిల్లల్ని పక్కగదిలో పడుకోబెట్టి పెద్దవాళ్లు అర్ధరాత్రి దాకా జంటలుగా ఆడేవాళ్లు. పాట ఆగితే ఆట ఆగుతుంది. అందుకని వాయించేవాడికి విశ్రాంతి ఉండదు.

1930ల చివరికి ఫిడేళ్లు, గిటార్లతో నడిచే బ్యాండ్లు వచ్చి అకార్డియన్‌ని మూల కూర్చోబెట్టాయి. పాతకాలపుది, పల్లెటూరిది అన్నారు. అలాంటప్పుడు పిండిసంచిలో అకార్డియన్ పెట్టుకుని ఐరీ వచ్చాడు. లేక్ చార్ల్స్‌లో ఎడ్డీ షూలర్ తన గోల్డ్‌బ్యాండ్ కంపెనీ తరఫున ఆయన పాటలు రికార్డు చేశాడు. ఏడుపుకీ పాటకీ మధ్య గీత చెరిపేసినట్టుండే ఆ గొంతు విని, అటకెక్కించిన అకార్డియన్లు జనం మళ్లీ దింపారు.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. నాకు ఒళ్లు మండేదీ ఇక్కడే. ఐరీ గురించి ఎక్కడ మాట్లాడినా 'పునరుద్ధరించాడు' అంటారు. ఎవరి సంగీతాన్నయ్యా? ఆయన చిన్నప్పుడు అరిగిపోయేదాకా విన్న రికార్డులు అమెడే ఆర్డ్వాన్‌వి. ఆ బాణీల్లో చాలావాటిని ఐరీ తన పాటలుగా మలుచుకున్నాడు. అమెడే క్రియోల్, అంటే అక్కడ ఫ్రెంచి మాట్లాడే నల్లవాళ్లలో ఒకడు. ఓ సభలో నేను ఈ పేరెత్తితే, 'సరదా సంగీతంలో ఇప్పుడా గొడవెందుకండీ' అన్నారొకాయన. మీరే చెప్పండి, గొడవ తెచ్చింది నేనా?

అమెడే 1898లో పుట్టాడు. గొంతు కోసం జేబులో నిమ్మకాయ పెట్టుకు తిరిగేవాడట. ఆయనా, తెల్లవాడైన ఫిడేలు విద్వాంసుడు డెనిస్ మెగీ ఒకే ఆసామి దగ్గర కౌలు చేశారు, కలిసి డాన్సులకి వాయించారు. 1934 దాకా అమెడే రికార్డు చేసినవి 34 పాటలు. అంతే.

తర్వాతి కథ అక్కడి పాత కళాకారులు చెప్పుకున్నది. తెల్లవాళ్ల ఇంట్లో డాన్సు. వాయిస్తుంటే కళ్లలోకి చెమట కారుతోంది. రెండు చేతులూ వాద్యం మీద. ఆ ఇంటమ్మాయి తన చేతిరుమాలు ఇచ్చింది, తుడుచుకోమని. అది చూసి ఇద్దరు తెల్లవాళ్లు ఓర్వలేకపోయారు. ఆట ముగిశాక దారికాచి చావగొట్టి, మీదినుంచి కారు పోనిచ్చి, కాలవలో పడేశారు. గొంతు పోయింది, మతి పోయింది. ఈ కథని ఇంకోరకంగా చెప్పేవాళ్లూ ఉన్నారు. కానీ 1942లో ఆయన పైన్‌విల్ ప్రభుత్వ మానసిక ఆస్పత్రిలో చనిపోయాడన్నది మాత్రం నిజం. పేరున్న సమాధి లేదు. ఎక్కడ పూడ్చారో కూడా గుర్తు లేదు. ఓపలూసస్‌లో ఆయన విగ్రహం లేచింది 2018లో!

అధ్యక్షులు చీటీ పంపారు. అయిపోవచ్చిందండీ, పులిహోర చల్లారినా బాగానే ఉంటుంది.

ఐరీ ముగింపు కూడా చెప్పాలి కదా. 1955 అక్టోబర్ 8. యూనిస్‌లో డాన్సుకి వాయించి, ఫిడేలు వాయించే జె.బి. ఫ్యూజిలియేతో కలిసి ఇంటికి వస్తున్నారు. టైరు పంక్చరైంది. రోడ్డు పక్కన దిగి మారుస్తుంటే, వచ్చిన కారు గుద్దేసింది. ఫ్యూజిలియే గాయాలతో బతికాడు, ఐరీ పోయాడు. 27 ఏళ్లు నిండటానికి ఇంకా 20 రోజులుంది. ఆయన్ని తక్కువ చేయడానికి నేనిక్కడికి రాలేదు. చూపులేని కుర్రాడు ఓ నల్లవాడి పాటని గుండెలకి హత్తుకున్నాడు, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. అమెడే పేరు మింగేసింది తర్వాతివాళ్లం.

కార్యక్రమం కాగితంలో చివర 'ఐరీ పాట ఒకటి' అని వేశారు. నేను రెండు తెచ్చాను. మొదటిది 1929 డిసెంబర్‌లో న్యూ ఆర్లియన్స్‌లో రికార్డు చేసింది, అమెడే, మెగీ ఇద్దరూ ఉన్నారు. గరగర ఎక్కువ, వెనక వరసలవాళ్లు కాస్త ముందుకి రండి. ఐరీ దాని తర్వాత. బాబూ, సౌండ్ పెంచు.