అసలూ అక్కడే, నకలూ అక్కడే: ప్రైమ్ వీడియో అలవాటు మీద ఓ రివ్యూ

హాయ్ అండి, అందరికీ నమస్కారం. ఇవాళ రివ్యూ ఒక్క సిరీస్ మీద కాదు, ఒక అలవాటు మీద. ఎక్కడో ఒకచోట హిట్టయిన పేరు పట్టుకొచ్చి, దానికి మన ఊరి బోర్డు తగిలించి, ఇదిగో మీకోసం తెలుగులో తీశాం అనడం ప్రైమ్ వీడియోకి బాగా అలవాటైపోయింది. మిగతా ఓటీటీలు తక్కువేం తినలేదు, వాటి సంగతి కూడా మధ్యలో వస్తుంది.

ముందు మీరో పని చేయండి. యాప్ తెరిచి 'పంచాయత్' అని కొట్టండి, అది హిందీ సిరీస్. తర్వాత 'సివరపల్లి' అని కొట్టండి, అది దానికి మన తెలుగు రీమేక్. రెండూ అక్కడే ఉంటాయి, అదే యాప్‌లో, మీరు ఒక్కసారి కట్టిన అదే డబ్బుకి. నా గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఒకప్పుడు రీమేక్ అంటే అర్థముండేది, ఎందుకంటే ఒరిజినల్ మనదాకా వచ్చేదే కాదు కాబట్టి పక్క భాషలో ఏం ఆడిందో మనకి పోస్టర్ చూసినా తెలిసేది కాదు. ఇప్పుడు మలయాళం సినిమాలు సబ్‌టైటిల్స్‌తో చూడటం మనకి నీళ్లు తాగినంత మామూలైపోయింది. 'దృశ్యం 2' గుర్తుందా? మలయాళంది 2021 ఫిబ్రవరిలో ప్రైమ్‌లో వచ్చింది, వెంకటేష్ గారి తెలుగుది అదే ఏడాది నవంబర్‌లో, మళ్లీ ప్రైమ్‌లోనే. చివరి అరగంట మీద నడిచే కథ అది, ఆ అరగంట తొమ్మిది నెలల ముందే చూసేసిన వాళ్లకి ఇంకేం మిగులుతుంది చెప్పండి?

సరే, సివరపల్లి. 2025 జనవరిలో వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్లు, భాస్కర్ మౌర్య డైరెక్టర్. 'సినిమా బండి' చేసిన రాగ్ మయూర్ హీరో. ఇంజినీరింగ్ చదివి, ఇష్టం లేకుండా ఒక మారుమూల పల్లెకి పంచాయతీ కార్యదర్శిగా వచ్చిన శ్యామ్ అనే కుర్రాడి కథ. నటన దగ్గర నాకు పేచీ లేదు, మురళీధర్ గౌడ్ గారు ఊరికే కుర్చీలో కూర్చుని ఒక చూపు చూస్తే చాలు నవ్వొస్తుంది, రూపాలక్ష్మి గారు ఇంకా బాగున్నారు, యాస కూడా ఎక్కడా అతికించినట్టు లేదు. పంచాయత్ అస్సలు చూడనివాళ్లు హాయిగా చూసేయొచ్చు.

చూసినవాళ్ల పరిస్థితే కష్టం. 2020లో వచ్చిన పంచాయత్ బలం ఏంటంటే, అది ఉత్తరప్రదేశ్ బలియా జిల్లాలో ఫులేరా అనే ఊళ్లో జరిగినట్టు రాసుకున్న కథ, అక్కడి గాలే అందులో ఉంటుంది. మొదటిరోజు పంచాయతీ ఆఫీసుకి తాళం, ఆ తాళంచెవి ఎక్కడో పడిపోయింది, కొత్త సెక్రటరీ సామాన్లతో బయట నిలబడ్డాడు, ఊరి పెద్దలంతా దాన్ని వెతుకుతున్నారు. అంత చిన్న విషయం మీద ఎపిసోడ్ నడుపుతారు. చివర్లో గణతంత్ర దినోత్సవం రోజు, పేరుకే ప్రధాన్, అంటే మన సర్పంచ్, అయిన నీనా గుప్తా మొదటిసారి తనే జెండా ఎగరేసి జనగణమన పాడతారు, అప్పటిదాకా పెత్తనం అంతా భర్తదే కాబట్టి ఆ పాట మధ్యలో తడబడుతుంటే మనకి గుండె పట్టేస్తుంది. ఈ అస్థిపంజరాన్ని ఎముక ఎముకా తీసుకొచ్చి తెలంగాణలో నిలబెట్టారు. యాస మార్చారు, బట్టలు మార్చారు, నడక మాత్రం మార్చలేదు. తర్వాతి సీన్ ఏంటో నేను సోఫాలో కూర్చుని ముందే చెప్పేస్తుంటే మా ఇంట్లోవాళ్లు విసుక్కున్నారు, అది వేరే సంగతి.

నాకు అసలు కడుపుమంట ఎక్కడంటే, తెలంగాణలో పంచాయతీ సెక్రటరీ ఉద్యోగం ఫులేరా సెక్రటరీ ఉద్యోగం లాంటిది కానే కాదు. ఇక్కడ 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది, దాని తర్వాత వేల మంది కుర్రాళ్లని జూనియర్ పంచాయతీ కార్యదర్శులుగా తీసుకున్నారు, డిగ్రీలు, బీటెక్‌లు చదివినవాళ్లే. వాళ్లని అడగండి ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో. నర్సరీ, ట్రాక్టరు, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (అదే, ఊరి శ్మశానం), పల్లె ప్రకృతి వనం, రోజూ ఊరి పారిశుద్ధ్యం ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించడం, నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే మెడ మీద కత్తి. ఊళ్లో మేకలుంటాయి కదండీ! మేకకి చట్టం ఎవరు చెప్తారు? ఇది కామెడీకి ఎంత ముడిసరుకో చూడండి. పైగా చెక్కు మీద సర్పంచ్ సంతకం ఒక్కటే పెడితే కుదరదు, ఉపసర్పంచ్ కూడా పెట్టాలి. ఆ ఇద్దరికీ పడకపోతే వీధిలైటు బల్బు కూడా మారదు, మధ్యలో నలిగేది సెక్రటరీ. రెగ్యులర్ చేయమని 2023లో వాళ్లంతా సమ్మెకి కూర్చున్నారు. సొంత డబ్బులు పెట్టి పనులు చేసి, బిల్లులు రాక తిరిగిన సర్పంచులు ఎంతమంది. ఒక్కొక్కటీ ఒక్కో ఎపిసోడ్ కదా ఇది.

ఇంకో తమాషా చెప్తా వినండి. సివరపల్లి వచ్చిన 2025 జనవరికి తెలంగాణలో అసలు సర్పంచులే లేరు! 2024 జనవరి చివరికి వాళ్ల గడువు అయిపోయింది, ఎన్నికలు పెట్టలేదు, ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలన, మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. సర్పంచ్ లేని ఊళ్లో, నిన్నటిదాకా 'సర్పంచ్ భర్త'గా ఊరిని నడిపిన మనిషి ఇప్పుడు ఏ హోదాతో రచ్చబండ మీద కూర్చుంటాడు? ఆలోచిస్తేనే నవ్వొస్తోంది నాకు. తీసేటప్పటికి ఇదంతా జరుగుతుందని వాళ్లకి తెలియాలని నేననట్లేదు. కానీ ఫులేరా నుంచి కాకుండా ఇక్కడి పంచాయతీ ఆఫీసు నుంచి మొదలుపెట్టి ఉంటే ఇలాంటివి వాటంతట అవే దొరికేవి.

మరి అడాప్టేషన్ అంటేనే చెత్తా అంటే, కాదు. ఇదే ప్రైమ్‌లో 2022లో 'మోడర్న్ లవ్ హైదరాబాద్' వచ్చింది, న్యూయార్క్ టైమ్స్ కాలమ్ మీద పుట్టిన అమెరికన్ సిరీస్‌కి మన వెర్షన్. అందులో మొదటి కథ నగేష్ కుకునూర్‌ది, రేవతి గారు, నిత్యా మీనన్. ఏళ్ల తరబడి మాటల్లేని తల్లీకూతుళ్లు లాక్‌డౌన్‌లో ఒకే ఇంట్లో ఇరుక్కుపోతారు. సారీ అనే మాట ఇద్దరి నోటా రాదు, తల్లి వంటింట్లోకి వెళ్లి వండటం మొదలుపెడుతుంది. ఆ గిన్నెల చప్పుడు, ఆ హైదరాబాదీ ముస్లిం ఇల్లు, కూతురు తిననని మొండికేసి మళ్లీ పళ్లెం వైపు చూడటం, ఇదంతా న్యూయార్క్‌లో దొరికే సరుకు కాదు కదా. పైనుంచి తీసుకుంది ఒక చిన్న విత్తనమే, నేల మనది. ఆరు కథలూ ఆ స్థాయిలో లేవు, రెండు మూడు దగ్గర నేను ఫోన్ చూసుకున్న మాట నిజం, అయినా ఆ మొదటిది కోసం సిరీస్ మొత్తాన్ని క్షమించేశా.

దీనికి పూర్తిగా రివర్స్ 'సిటడెల్' అనే స్పై సిరీస్. ఇక్కడ కథ కంటే ముందే ఫ్రాంచైజ్ పుట్టింది. రూసో బ్రదర్స్, ప్రియాంకా చోప్రా, 2023లో ఆరు ఎపిసోడ్ల మొదటి సీజన్, దానికే దాదాపు 30 కోట్ల డాలర్లు పెట్టారని వార్తలొచ్చాయి. అది జనానికి నచ్చిందో లేదో తేలకముందే ఇటలీకొక కొమ్మ, ఇండియాకొక కొమ్మ. మన కొమ్మ 'హనీ బన్నీ', 2024 నవంబర్‌లో వచ్చింది, రాజ్ అండ్ డీకే తీశారు, సమంత చాలా కష్టపడింది, ఆ ఫైట్లలో ఆమెని చూస్తే కాదనలేం. కానీ ఆ పాత్ర పని ఏంటి? ప్రియాంక పాత్రకి తల్లి అవ్వడం. ఎక్కడో వేరే సిరీస్‌లో హీరోయిన్ ఎలా పుట్టిందో చెప్పడానికి ఇక్కడ సిరీస్ తీశారన్నమాట. చివరికి 2025లో ఇటలీదీ మనదీ రెండూ ఆపేశారు, మిగిలిన కథ అసలు సిటడెల్‌లో కలిపేస్తామన్నారు. చెట్టు వేళ్లూనకముందే కొమ్మలకి అంట్లు కడితే ఇలాగే ఉంటుంది.

నెట్‌ఫ్లిక్స్ వాళ్ల 'రానా నాయుడు' కూడా ఈ బాపతే, 'రే డోనవన్' అనే అమెరికన్ సిరీస్‌కి రీమేక్. వెంకీ మామ నోట ఆ బూతులు విని మా ఇంట్లో రిమోట్ కోసం ఎవరు పరిగెత్తారో నేను చెప్పను. అందులో హైదరాబాద్ ఎంతుందో వెతికితే నాకు ఇంటిపేరులో తప్ప పెద్దగా కనపడలేదు.

ఎందుకు చేస్తారంటే అర్థం కాని రహస్యమేం లేదు. కొత్త కథ ఒప్పించాలంటే మీటింగ్‌లో ఒకడు ధైర్యం చేయాలి, పోతే వాడి మెడకే చుట్టుకుంటుంది. హిట్టయిన పేరు తెస్తే, పోయినా "అక్కడ ఆడింది సార్" అనొచ్చు. పైగా తెలిసిన పేరు కనిపిస్తే మనం కూడా నొక్కుతాం, నేనే నొక్కా కదా, సివరపల్లి వచ్చిన రోజే.

మార్కులా? సివరపల్లికి అయిదుకి రెండున్నర, అందులో ఒకటిన్నర మురళీధర్ గౌడ్ గారికే. మోడర్న్ లవ్ హైదరాబాద్‌కి మూడు, మొదటి కథ విడిగా అయితే నాలుగు. హనీ బన్నీకి రెండు. సివరపల్లి ఇంకో సీజన్ అంటూ తీస్తే నాకు ఒక్క సీన్ కావాలి: పొద్దున్నే మోరీ పక్కన నిలబడి, ఒక చేత్తో మొక్క మీదకొచ్చిన మేకని తోలుతూ, ఇంకో చేత్తో సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి, ఫొటో యాప్‌లోకి ఎక్కిందా లేదా అని చూసుకునే సెక్రటరీ. అది మాత్రం పంచాయత్‌లో వెతికినా దొరకదు.